ఆచారిగారి ఫస్ట్ క్లాస్ పులిహోర

రండమ్మా, రండి, ఇలా దగ్గరికి జరగండి. అంత దూరంగా ఆ స్తంభం పక్కన కూచుంటే నా మాటలు సగం స్తంభమే వినేస్తది. చాప చాలకపోతే తువ్వాలు పరుచుకోండి, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. గోపాలస్వామిని ఒక్కసారి మనసులో తలుచుకుని మరీ వినండి, ఎందుకంటే ఇది ఆయన భోజనం సంగతి. సింగరాచార్యులు గారని ఒకాయన ఉండేవోడంట. ఏటిగట్టు దిగువన చింతలంక అని ఊరు. ఆ ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడికి పూజారీ ఆయనే, వంటాయనా ఆయనే. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయనకి ఉన్నదల్లా ఆ స్వామీ, ఆ గాడిపొయ్యీ, శనివారం శనివారం చేసే పులిహోరా. తెల్లగా, సన్నగా, పూచికపుల్లలా ఉండేవోడు. గుండిగ ముందు నించుంటే గుండిగే ఆయన్ని వండుతోందేమో అనిపించేదంట.

ఇప్పుడు మీకో సంగతి తెలియాలి. స్వామికి పెట్టే వంట ముందుగా రుచి చూడకూడదు కదా. చూస్తే ఎంగిలి. మీ ఇళ్ళల్లోనూ అంతే, పండగ పూట గరిటె నాలిక్కి తగిలితే మీ అత్తగారు ఊరుకుంటుందా? ఆచారిగారు ఇంకా గట్టివోడు. రుచి మాట అటుంచు, వాసన కూడా స్వామికే ముందు చేరాలని మూతికీ ముక్కుకీ కలిపి గుడ్డ కట్టుకునేవోడంట. మరి కొలత ఎలాగంటే, పిడికిలి. అంత బియ్యానికి ఇంత చింతపండు, అంత చింతపండుకి ఇన్ని పిడికిళ్ళ ఉప్పు, అంతా వాళ్ళ నాన్నగారు ఆయన చేతికి నేర్పిన లెక్క. చెయ్యి డబ్బాలోకి ఎల్తది, వస్తది, మనిషి మాత్రం పాశురాలు చదువుకుంటా ఉంటాడు. పోనీ నైవేద్యం అయిపోయాక అయినా తింటాడు కదా అంటారా? తినడు. ఎందుకంటే కాశీకి ఎల్లొచ్చేడు. కాశీకి ఎల్తే ఇష్టమైందేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలి కదా. మన ఊళ్ళో వాళ్ళు ఏం వదుల్తారు? కాకరకాయ వదుల్తారు. ఏమే సుబ్బులూ, నువ్వు వదిలింది పొట్లకాయే కదూ? నవ్వుతావేం, గంగమ్మకి తెలీదనుకున్నావా. ఆయన అలాంటివోడు కాదు. నిజంగా ఏదంటే ప్రాణమో అదే వదిలేడు. పులిహోర వదిలేసేడు.

ఇక ఊరి సంగతి చెప్తాను. ప్రసాదానికి వంక పెట్టకూడదు. పెడితే కళ్ళు పోతాయని చిన్నప్పుడే చెప్పేస్తారు కదా. ఉప్పెక్కువైందనీ పులుపు తగ్గిందనీ హోటల్లో అనాలి గానీ గుళ్ళో అనకూడదు. అందుకని ఊళ్ళో వాళ్ళు ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని ఒకే ఒక్క మాట అనేవోరంట: ఫస్ట్ క్లాస్. ఆ మాట ఊళ్ళోకి తెచ్చింది కామయ్య. అతను వయసులో సామర్లకోట టేషన్లో మూటలు మోసొచ్చేడు. తిరిగొచ్చి అరుగు మీద కూచుని చెప్పేవోడు, రైలుకి అన్ని పెట్టెలున్నా ఒక పెట్టె ఉంటది, అందులో పరుపు సీట్లు, అద్దాల కిటికీలు, ఎవడి తలుపు వాడికే. దాన్నే ఫస్ట్ క్లాస్ అంటారు, దానికి పైన ఇంకో పెట్టె లేదు, అదీ దాని అర్థం, అని. ఎక్కేవా కామయ్యా అంటే, ఎక్కలేదు గానీ మూట లోపల పెట్టేటప్పుడు ఒకసారి సీటు మీద అరచెయ్యి ఆనించేను, అనేవోడంట. ఆ అరచెయ్యి చూపిస్తే అందరూ తొంగి చూసేవోరు.

ఆ మాట ఊరికి ఎంత నచ్చిందో చెప్పలేను. మొదట్లో కామయ్య ఒక్కడే ఆచారిగారి పులిహోరని ఫస్ట్ క్లాస్ అన్నాడు. నిజంగానే ఆ రోజుల్లో అది అలాగే ఉండేదంట. తర్వాత గేదె ఫస్ట్ క్లాస్, గేదె మేసిన గడ్డి ఫస్ట్ క్లాస్. మంగలి చెవి గీరేసినా క్షవరం ఫస్ట్ క్లాస్. ఎలా ఉంది బాబాయ్ జ్వరం అంటే, ఫస్ట్ క్లాసుగా కాస్తోందిరా అనేవోరు. ఆఖరికి ఎవరో ముసలమ్మ పోతే, కోడలు కళ్ళు తుడుచుకుంటా, మా అత్తగారిని ఫస్ట్ క్లాసుగా సాగనంపేరండి అందంట. అలా ఊళ్ళో రైలంతా ఒకటే పెట్టె అయిపోయింది అనుకో.

అలా ఉండగా ఏమైందంటే, కామయ్యకి కొంచెం చేతిలో డబ్బు ఆడి, స్వామికి ఏదైనా ఇవ్వాలనిపించింది. అంతకుముందు గుడికి ఉప్పు ఎక్కణ్ణించి వచ్చేదంటే, ఎడ్లబండి మీద ఉప్పు అమ్మే ఆయన వచ్చి బస్తాలో రాళ్ళుప్పు కొలిచిపోయేవోడు. బూడిదరంగు రాళ్ళు, అందులో ఇసకా, ఒక్కోసారి గవ్వా. కామయ్య చూసి, ఛ, స్వామికి ఇదా పెట్టేది, అని బస్తీ నించి మెత్తటి ఉప్పు పాకెట్లు తెప్పించేడంట. మల్లెపువ్వులా తెల్లగా, పిండిలా జారిపోయే ఉప్పు. ఆచారిగారూ, ఇదండీ ఫస్ట్ క్లాస్ ఉప్పంటే, ఇక మన స్వామికి జన్మంతా ఇదే, అని దణ్ణం పెట్టి ఇచ్చేడు. ఆయనా సంతోషించి డబ్బాలో పోసుకున్నాడు. తన ఇంట్లో మజ్జిగన్నానికి మాత్రం పాత కుండలో రాళ్ళుప్పే ఉంచుకున్నాడు. స్వామికొచ్చింది తను వాడుకోకూడదు కదా. ఇంక చూస్కో. శనివారం వచ్చింది. మూతికి గుడ్డ. నోట్లో పాశురం. చెయ్యి డబ్బాలోకి ఎల్లింది. ఎప్పుడూ పట్టే పిడికిళ్ళే పట్టింది.

ఆ రోజు ప్రసాదం తిన్నవాళ్ళ మొహాలు చూడాలంట. ఒక్కడూ నోరు తెరవలేదు, తెరిస్తే మంట. కామయ్యే ముందుగా తేరుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారతా ఉంటే, ఫస్ట్ క్లాస్ ఆచారిగారూ, అన్నాడంట. ఆ కన్నీళ్ళు చూసి ఆచారిగారు భక్తి అనుకున్నాడు. అందరూ అదే మాట అన్నారు, అందరూ నూతి దగ్గరికి ఎల్లేరు. పై వారమూ అంతే. క్రమంగా ఊరు అలవాటు పడిపోయింది. ఎలా పడిందంటే, శనివారం ప్రతి ఇంట్లోనూ ఉప్పు లేకుండా చప్పటన్నం ఓ గిన్నెడు వండి పెట్టుకునేవోరు. గుళ్ళో చిటికెడు ప్రసాదం పుచ్చుకుని, ఇంటికెల్లి గిన్నెడన్నంలో కలుపుకుంటే ఇంటిల్లిపాదికీ సరిపోయేది. అదీ ఒక మహిమే అనుకో. ఆచారిగారు దొప్ప నిండా పెట్టబోతే, వద్దు వద్దు స్వామీ, మహాప్రసాదం, చిటికెడు చాలు, అని చేతులు వెనక్కి తీసుకునేవోరు. ఆయన పొంగిపోయేవోడు, మా ఊరి వాళ్ళకి ఆశ లేదు, ఎంత భక్తో, అని. ఇలా ఏళ్ళు గడిచిపోయాయంట.

అప్పుడు కామయ్య ఇంటికి కోడలొచ్చింది. మాణిక్యం అని, మెట్ట ఊరి పిల్ల. వచ్చిన మొదటి శనివారం గుడికి ఎల్లింది. ఆ పిల్లకి ఊరి పద్ధతి ఎవరూ చెప్పలేదు. ఆచారిగారు దొప్ప నిండా పెడితే దొప్ప నిండా పుచ్చుకుంది, అక్కడే కూచుని ఓ ముద్ద తినేసింది. ఇంటికొచ్చి కుండలో నీళ్ళు తాగింది, బిందెలో నీళ్ళు తాగింది, మావగారి చెంబులో నీళ్ళు కూడా తాగేసి, అప్పుడడిగిందంట, మావగారూ, ఫస్ట్ క్లాస్ అంటే ఏటండీ, అని. కామయ్యకి ఆ ప్రశ్న అంటే ప్రాణం. టేషనూ, పెట్టెలూ, పరుపుసీటూ మళ్ళీ మొదటినించీ చెప్పి, అరచెయ్యి చూపించేడు. ఆ పిల్ల అంతా విని, మరి బండంతా అదే పెట్టె అయితే ఆ పెట్టెని ఎవరైనా ఫస్ట్ అంటారా మావగారూ, అందంట. సమాధానం తట్టకపోతే మావగార్లు ఏం చేస్తారో మీకు తెలుసు కదా, కామయ్య కోప్పడ్డాడు. ప్రసాదం గురించి గుమ్మం దాటి మాట రాకూడదు అన్నాడు. ఆ పిల్ల సరేనండి అంది.

ఇంకో ఏడాది గడిచింది అనుకో. ఒక మాట ఊళ్ళో అందరూ అంటా ఉంటే అది ఊళ్ళోనే ఉండదు కదా. చింతలంక పులిహోర ఫస్ట్ క్లాసంట అని ఏరు దాటింది. ఏటవతల గుట్ట మీద నరసింహస్వామి ఉన్నాడు, పెద్ద గుడి, కల్యాణానికి బళ్ళు బళ్ళుగా జనం వస్తారు. ఆ గుడి పెద్దలు కబురంపేరు, ఈసారి కల్యాణం నాటి పులిహోర సింగరాచార్యులు గారి చేతి మీదుగా జరగాలి అని. ఆ మాట విని ఆచారిగారు గుళ్ళోకెల్లి తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చేడంట. ఎందుకంటే వాళ్ళ నాన్నగారు ఆ గుట్ట స్వామికి ఒక్కసారైనా వండాలని కోరుకుని, తీరకుండానే ఎల్లిపోయేడు. తీరకపోతే నువ్వు తీర్చరా అని చెప్పిపోయేడు. ఇప్పుడు పిలుపొచ్చింది. పంచె ఉతుక్కుంటున్నాడు, కొత్త గరిటె చేయించుకుంటున్నాడు, కనపడ్డ ప్రతివాడికీ చెప్తున్నాడు.

ఊరికి గుండెల్లో రాయి పడింది. కామయ్య అరుగు మీద మీటింగు పెట్టుకున్నారు. గుట్ట మీద జనానికి మన చప్పటన్నం సంగతి తెలీదు, దొప్పలకి దొప్పలు నోట్లో పోసుకుంటారు, అక్కడ నూతి దగ్గర తొక్కిసలాట అవుద్ది, ఆ ముసలాయన అంతమంది మధ్య తల ఎత్తుకోలేడు, ఈ వయసులో ఆ దెబ్బ తట్టుకుంటాడా అని అందరికీ బెంగే. మరి ఎవరు చెప్తారు అంటే, ఒకడు నాకు కళ్ళు కావాలన్నాడు, ఒకడు ఆయన మా అమ్మాయి పెళ్ళికి ముహూర్తం పెట్టేడు, నా నోటితో ఎలా అంటానన్నాడు. నువ్వే మొదలెట్టేవు కాబట్టి నువ్వే చెప్పాలి అని కామయ్య మీద పడ్డారు. కామయ్య తల దించుకుని, ఇన్నేళ్ళు ఫస్ట్ క్లాస్ అన్న నోటితో ఇప్పుడు ఉప్పని ఎలా అనేది, అప్పుడెందుకు చెప్పలేదురా అంటే ఏం చెప్పేది, అన్నాడంట. చివరికి పెద్దలంతా కలిసి ఏం తీర్మానించేరో తెలుసా? రెండు బళ్ళ నిండా చప్పటన్నం వండి ఆచారిగారి వెనకాలే గుట్టకి తోలుకెల్దాం అన్నారు. పులిహోర వడ్డించే వాడి పక్కనే చప్పటన్నం వడ్డించే వాడు. అదీ మన పెద్దల తెలివి. నవ్వకండి, మీ తాతలు కూడా ఆ అరుగు మీద ఉండే ఉంటారు.

మాణిక్యం లోపల చేట పట్టుకుని బియ్యం చెరుగుతా అంతా వింది. ఆ పిల్ల ఆలోచించిందంట. నైవేద్యం కాకముందు రుచి చూడకూడదు. అయ్యాక అది ప్రసాదం, అనకూడదు. మరి నైవేద్యమే కానిదైతే? మర్నాడు పొద్దున్నే గుడికి ఎల్లి, తాతగారండీ, మా పొలంలో నాట్లకి ఆడోళ్ళొస్తున్నారు, వాళ్ళకి మీ పులిహోర లాంటిది వండి పెడదామని ఉంది, ఒక్కసారి మా పెరట్లో నించుని చెప్పండి, అని అడిగింది. ఆయన మొహం విప్పారింది. నాట్ల వాళ్ళ అన్నానికి మడేమిటమ్మా, పద, అని చేతికర్ర పట్టుకుని బయల్దేరేడు. పెరట్లో మోడా మీద కూచుని, చింతపండు ఇంకా పిసుకు, పోపు మాడనీకు, కరివేపాకు దుయ్యకుండా వెయ్యకు, అని పురమాయిస్తున్నాడు. ఉప్పు దగ్గరికొచ్చేసరికి మాణిక్యం డబ్బా ఆయన ముందుకి జరిపి, నా పిడికిలికి మీ లెక్క రాదు తాతగారూ, మీ చేత్తోనే వెయ్యండి, అంది. ఆ డబ్బాలో ఉన్నది కామయ్య గుడికిచ్చే ఉప్పే. ఆయన చెయ్యి ఎల్లింది, వచ్చింది, ఎప్పట్లాగే.

అన్నం కలిపేరు. ఆ పిల్ల ఆకులో ఓ ముద్ద పెట్టుకుని ఆయనకెదురుగా కింద కూచుని తింది. నమిలింది. మింగింది. నీళ్ళ చెంబు పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. కామయ్య అప్పుడే దొడ్డి గుమ్మంలోకొచ్చి కొయ్యలా నించుండిపోయేడు. ఎలా ఉందమ్మా అన్నాడు ఆచారిగారు. ఆ మాటకి ఊళ్ళో ఒకటే సమాధానం ఉందని ఆయనకీ తెలుసు, వినడానికి సిద్ధంగా నవ్వుతున్నాడు కూడా.

"ఉప్పు కటికగా ఉంది తాతగారూ," అంది మాణిక్యం. "తినలేకపోతన్నాను."

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయిందంట, తియ్యడం మర్చిపోయినట్టు. నేను చెప్పినట్టే చేసేవా అన్నాడు. మీ చేత్తో మీరే వేసేరండి అంది. ఆయన గుమ్మంలో కామయ్యని చూసేడు. కామయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం కప్పుకున్నాడు. అప్పుడు ఆయన మెల్లగా డబ్బాలో చెయ్యి పెట్టి పిడికిలి పట్టి, పైకి తీసి, విప్పి చూసుకున్నాడు. అరచెయ్యంతా తెల్లగా, గీత కూడా కనపడకుండా మెత్తేసి ఉంది. రాళ్ళుప్పు పడితే రాయికీ రాయికీ మధ్య ఖాళీ ఉండేది కదా కామయ్యా, అన్నాడంట. ఎవరూ చెప్పలేదు, ఆయన చెయ్యే ఆయనకి చెప్పింది. ఆ ఖాళీలన్నీ నిండిపోయాయి, పిడికిలి మాత్రం అదే.

కోప్పడ్డాడేమో అనుకుంటున్నారా? లేదమ్మా. అయితే చిటికెడు చాలన్నది భక్తి కాదన్నమాట, అని మాత్రం అన్నాడు. ఊరి గురించి అన్నది అంతే. తర్వాత గుడి వైపు తిరిగేడు.

"ఇన్నేళ్ళూ స్వామికి ఇదే పెట్టేనా అమ్మా?"

మీరైతే ఏం చెప్తారు? నేనైతే చెప్పలేను. ఆ పిల్ల ఆకు పక్కకి పెట్టి, చెయ్యి కడుక్కుని, ఆయన కాళ్ళ దగ్గరికి జరిగి కూచుంది.

"ఆయనా ఈ ఊరివాడే కదండీ తాతగారూ. మీ మనసు నొప్పించలేక ఆయనా ఫస్ట్ క్లాసే అనుంటాడు."

ముసలాయన నవ్వేడంట. ఏడుస్తానే నవ్వేడు. కామయ్య కూడా తువ్వాల్లోంచే నవ్వేడు. తర్వాత ఆయన లేచి, తిన్నగా గుడికెల్లి, స్వామి ముందు రెండు చెంపలూ వేసుకుని, చెంబెడు మంచినీళ్ళు నివేదన పెట్టేడంట. పాపం, స్వామికి దాహమేసి ఎన్నాళ్ళయిందో కదా.

కల్యాణం రోజొచ్చింది. ఆచారిగారు ఇంట్లో పాత కుండ, ఆ బూడిదరంగు రాళ్ళుప్పు ఉన్న కుండ, తన ఒళ్ళోనే పెట్టుకుని పడవెక్కేడు. వెనకాల ఊరు ఊరంతా, వాళ్ళ వెనకాల బల్లకట్టు మీద రెండు బళ్ళ చప్పటన్నం. ఆయన ఉప్పు మార్చేడని చెప్పినా పెద్దల భయం పెద్దలది. గుట్ట మీద గాడిపొయ్యిలు వెలిగేయి. మూతికి గుడ్డ, నోట్లో పాశురం, పిడికిలి ఎల్లింది, వచ్చింది. రాళ్ళు గలగలమన్నాయంట. నివేదన అయింది, వడ్డన మొదలైంది. చింతలంక వాళ్ళు తినట్లేదు, నూతి కేసి చూస్తన్నారు. ఎవరూ లేవట్లేదు. కామయ్య చెమటలు తుడుచుకుంటన్నాడు. ఆచారిగారు దొప్పలు పట్టుకుని పంక్తిలో నడుస్తా ఉంటే, చివర్న ఎవరో మెట్ట రైతు, పేరేంటో ఊరేంటో తెలీదు, ఖాళీ దొప్ప పైకెత్తి చూపించేడంట.

"ఇంకొంచెం పెట్టండి సావీ."

ఆచారిగారు నించుండిపోయేడు. ఏళ్ళ తరబడి ఫస్ట్ క్లాస్ అని విన్నాడు గానీ, ఇంకొంచెం అన్న మాట ఎన్నాళ్ళకి విన్నాడో చూడండి. దొప్ప నిండా పెట్టేడు, ఆ తొందరలో పక్కవాడి దొప్పలో కూడా కొంచెం పడింది. వాడూ వద్దనలేదు. పంక్తంతా మారు అడిగేరంట. చప్పటన్నం బళ్ళ దగ్గర ఎడ్లకి విందయ్యింది అనుకో. ఆ ఎడ్లని అడిగితే అవి కూడా ఫస్ట్ క్లాసనే అనేవి, చింతలంక ఎడ్లు కదా.

తర్వాత్తర్వాత ఆచారిగారు ఏం పద్ధతి పెట్టుకున్నాడంటే, ప్రతి శుక్రవారం మాణిక్యం పెరట్లో కొంచెం వండించేవోడు. నైవేద్యం కాదు, ఊరికే అన్నం. ఏ పెట్టె అమ్మాయ్ అనేవోడు. ఆ పిల్ల తిని, పులుపు తగ్గింది, రెండో పెట్టె తాతగారూ అనేది, ఇవాళ కట్టెలు మోసే గూడ్సు పెట్టె అనేది. ఎప్పుడైనా ఏం మాట్లాడకుండా ఆకు ముందుకి జరిపేది, ఇంకొంచెం అని. ఆయనకి అదే ఫస్ట్ క్లాసు. కామయ్య మాత్రం ఆ మాట అనడం మానేసేడంట. ఎవరైనా అడిగితే అరచెయ్యి చూపించి ఊరుకునేవోడు.

అదీ సంగతి. స్వామి దయ, నా నోటికొచ్చినట్టు చెప్పేను, ఎక్కువైన చోట మీరే కాస్త చప్పటన్నం కలుపుకోండి. అయితే లేచే ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పులిహోర మర్చిపోయినా పర్లేదు, రైలు మర్చిపోయినా పర్లేదు. ఆ పిల్ల ఎదురుగా కూచుని, ఓ ముద్ద తిని, నీళ్ళు కూడా తాగకుండా, తన పెరట్లో, ఊరికి వినపడకుండా చెప్పింది చూడండి, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. మీ అందరికీ ఒక ఆచారిగారు ఉంటారు, ఇంట్లోనో, వీధిలోనో. నాకు తెలుసు, ఇప్పుడే ఒకళ్ళ పేరు తలుచుకున్నారు. రేపు పొద్దున్న ఎల్లండి. ముందు వాళ్ళ ఎదురుగా కూచోండి, ఓ ముద్ద తినండి, ఆ తర్వాత చెప్పండి.